కారు గడపకు పసుపు

నిజామాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా బండ్లు విప్పి బిగించాను. అందులో చివరి పదిహేనేళ్లు విప్పడం తగ్గించి చూడటం పెంచాను. ఎవరైనా పాత కారు కొనబోతే, కొనేవాళ్ల తరఫున వెళ్లి, దాని చుట్టూ తిరిగి, కిందికి దూరి, వాసన చూసి, "తీసుకో" అనో "వద్దు" అనో చెప్పడం నా పని. దీనికి మా దగ్గర పెద్ద పేరేమీ లేదు, చెకింగ్ అంటారు. "నర్సింలన్నను చెకింగ్‌కు తీస్కపో" అనేవారు. పెళ్లిచూపులకు మేనమామను వెంటబెట్టుకెళ్లినట్టు నన్ను తీసుకెళ్లేవారు. తేడా ఒక్కటే, మేనమామకు పిల్ల నచ్చకపోయినా పలహారం పెడతారు. నాకు బండి నచ్చకపోతే అమ్మేవాళ్లు మంచినీళ్లు కూడా ఇచ్చేవారు కాదు.

నడుములో డిస్కు జరిగి యాభై నాలుగేళ్లకే పని మానేశాను. కిందికి వంగొద్దని డాక్టరు చెప్పాడు. వంగకుండా కారు చూసేవాడు అమ్మేవాడికి చుట్టమవుతాడు తప్ప మెకానిక్కు కాలేడు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు నా దగ్గరికొచ్చి, ఫోనులో వీడియోలు చూపించి, "అన్నా, ఇది కరెక్టేనా?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కొంచెం పెంచి చెబుతానని నా భార్య అంటుంది. పెంచిన చోట నేనే ఒప్పుకుంటాను.

ఉస్తాద్ ముక్కు

నాకు పని నేర్పింది ఖాజా ఉస్తాద్. బోధన్ రోడ్డులో ఆయన షెడ్డు. బండి రోడ్డు మలుపు తిరగకముందే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. ఒకసారి రైలు చప్పుడు విని, మూడో డబ్బాలో చక్రం అరిగిందన్నాడు. ఇది పెంచి చెప్పిన మాట. బేరింగు సంగతి మాత్రం నిజం.

కొత్త బండి వస్తే ఉస్తాద్ దాన్ని చూసేవాడు కాదు. అది రాత్రంతా నిలబడ్డ నేలను చూసేవాడు.

"అరే నర్సింలూ, బండి అబద్ధం జెప్తది. మాలిక్ అబద్ధం జెప్తడు. జమీన్ జెప్పదు. వంగు."

నేను వంగి, నేల మీద చుక్కను వేలితో తీసి వాసన చూసేవాణ్ని. ఇంజన్ ఆయిలైతే మాడు వాసన, గేర్ ఆయిలైతే కుళ్లిన ఉల్లిగడ్డ వాసన. బ్రేకుదైతే జిడ్డు తక్కువ, చేపనూనెకు చుట్టంలా ఉంటుంది. వాసన లేని చుక్కయితే నీళ్లు. అప్పుడు ఉస్తాద్ నన్ను చూసి, "నీళ్లను అంతసేపు సూంగినవ్, షాదీకి అత్తర్ కొంటున్నవా?" అనేవాడు.

ఆయన కోపిష్టి, పీనాసి, మధ్యాహ్నం నిద్ర లేపితే స్పానరు విసిరేవాడు. కానీ తెలియని సంగతిని తెలియదని చెప్పేవాడు. పెద్ద మెకానిక్కు నోట ఆ మాట వినడం చాలా అరుదు. మీరు పని నేర్చుకునే చోట ఆ మాట వినబడకపోతే షెడ్డు మార్చండి.

మటన్ తిని చేసిన చెకింగ్

చెకింగ్ మొదలుపెట్టిన కొత్తలో ముప్కాల్‌లో ఒక జీపు చూడటానికి పోయాను. అమ్మే ఆయన చాలా మంచివాడు. అంత మంచివాడు ఎందుకయ్యాడో నేను అప్పుడే అడగాల్సింది. చెకింగ్‌కు ముందే తలకాయ కూర, జొన్నరొట్టె పెట్టించాడు. తిన్నాను. మళ్లీ వడ్డించాడు, మళ్లీ తిన్నాను. ఆ తర్వాత బానెట్ లేపితే నా ముక్కుకు మసాలా తప్ప మరేదీ తగల్లేదు. పైగా ఇంజన్ వేడిగా ఉంది. నేను తింటున్నంతసేపూ దాన్ని స్టార్ట్ చేసి ఉంచారట. చల్లటి ఇంజన్ మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే దాని రోగం బయటపడుతుంది. వేడెక్కాక అన్ని ఇంజన్లూ బుద్ధిమంతులే.

"తీస్కో" అన్నాను. కొన్న రైతు నెల తిరగకముందే నా ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. "అన్నా, నువ్వు దిన్న కూర మస్తు బరువు పడ్డది నాకు" అన్నాడు. అప్పటినుంచి అమ్మేవాళ్లింట్లో టీ కూడా చెకింగ్ తర్వాతే తాగాను. కూర మాత్రం బాగుంది.

వరలక్ష్మక్క కోరిక

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది. నా చివరి చెకింగ్ ఇదే.

ఎడపల్లి దగ్గర కాలువ కింద భూమి ఉన్న వరలక్ష్మక్క ఒకరోజు స్కూటీ మీద మా ఇంటికొచ్చింది. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే పుట్టింది. వరి, చెరకు పండిస్తుంది, ట్రాక్టరు తనే తోలుతుంది. ఆమె ట్రాక్టరు ఎదురొస్తే ఆర్టీసీ బస్సు పక్కకు తప్పుకోవడం నేను కళ్లారా చూశాను.

"తమ్ముడూ, ఒక కారు చూడాలి. స్పోర్ట్స్ కారు" అంది.

"గదేందక్కా, చెరకు మోస్తవా దాంట్ల?"

"నవ్వేవాళ్లంతా ఇంట్లో ఉన్నారులే, నువ్వన్నా నవ్వకుండా విను."

నేను నవ్వు ఆపుకుని విన్నాను. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు బోధన్ చెరకు ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరు ఉండేవాడు. ఆయనకు విదేశంలో తయారైన ఎర్ర కారు ఉండేది. రెండే సీట్లు, కప్పు వెనక్కి మడుచుకుంటుంది. సాయంత్రం కాలువ గట్టు మీద అది వెళ్తుంటే ఈమె సైకిలు ఆపి, అది కనబడనంత దూరం పోయేదాకా నిలబడేదట. "నేను తోలాలి అనుకున్నా. ఎక్కాలని కాదు, తోలాలని" అంది. ఇన్నేళ్లకు ఆ కారు మాక్లూర్‌లో గంగాధర్ సేటు బియ్యం మిల్లులో ఉందనీ, అమ్ముతున్నాడనీ తెలిసింది.

"మా ఆయన ఒక్కటే మాటన్నాడు. నర్సింలు సరేనంటే కొనుక్కో, కాదంటే మళ్లీ దాని ఊసెత్తకు అని. ఇంక నీ నోట్లో ఉంది."

నా నోట్లో అప్పుడు టీ ఉంది. మింగుడు పడలేదు. ఎందుకంటే ఆ కారు నాకు తెలుసు.

ఇరవై మూడేళ్ల వయసులో నేను ఉస్తాద్ షెడ్డులో పనిచేస్తున్నప్పుడు, గంగాధర్ సేటు ఆ కారును రిపేరుకు తెచ్చాడు. ఉస్తాద్ ఎవరో చుట్టాల పెళ్లికని హైదరాబాద్ పోయి ఉన్నాడు. ఎడమవైపు గడపకు తుప్పుపట్టి చిల్లి పడింది. తలుపు తెరిస్తే కాలి కింద పొడుగునా కనబడే పట్టీనే మా షెడ్లలో గడప అంటాం. సేటు తొందరపెట్టాడు, నేను తొందరపడ్డాను. నెయ్యి డబ్బా రేకు కత్తిరించి చిల్లి మీద వేసి, రివిట్లు కొట్టి, పైన పుట్టీ రుద్ది, రంగు వేశాను. ఎర్రగా మెరిసింది. ఉస్తాద్ వచ్చాక చెప్పలేదు.

మామూలు కారుకు పైకప్పు కూడా బలమే. కప్పు లేని కారుకు బలమంతా ఆ రెండు గడపల్లోనే ఉంటుంది. గడప పుచ్చిపోతే పెద్ద గుంతలో పడ్డప్పుడు కారు నడుము దగ్గర వంగిపోతుంది. వేగంలో దేనికైనా తగిలితే లోపల కూర్చున్నవాళ్ల సంగతి నేను రాయను. ఇది ఇరవై మూడేళ్లప్పుడు నాకు తెలియదు. ముప్పై ఐదేళ్లప్పుడు తెలిసింది. తెలిసి కూడా సేటు దగ్గరికి పోయి చెప్పలేదు. కారు ఎటూ సేటు మిల్లులోనే పడి ఉంది కదా అనుకున్నాను.

ఈ సంగతి అక్కకు అప్పుడే చెప్పి, ఇంకొకరిని తీసుకుపొమ్మనాల్సింది. చెప్పలేదు. ఈ మధ్యలో ఎవరో ఒకరు దాన్ని కోసి మంచి రేకు వేసే ఉంటారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మాక్లూర్ మిల్లులో

మిల్లు వెనక షెడ్డులో, ఊక కుప్పల పక్కన కారు ఉంది. కడిగి, పూజ చేయించి పెట్టాడు సేటు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, టైర్ల కింద నిమ్మకాయలు, దండ. తలుపు తెరిస్తే రెండు గడపలకూ ఇంటి గడపకు పూసినట్టే ఒత్తుగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

"గడప దొక్కకుండ్రి అక్కా, పూజ అయింది" అన్నాడు సేటు. నన్ను చూసి మీసంలో నవ్వాడు. "ఏం నర్సింలూ, మన పాత బండే. నీకు జెప్పేదేముంది."

అందులో రెండు మాటలున్నాయి. ఒకటి అక్కకు వినబడింది, ఒకటి నాకు.

నేను పని మొదలుపెట్టాను. ఆ రోజు చూసినంత బాగా నేను ఏ బండినీ చూడలేదు, ఒక్క చోట తప్ప. నేల చూశాను, ఒక్క చుక్క లేదు. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. స్టార్ట్ చేయించాను. మొదట కాస్త పొగ, తర్వాత శుభ్రం. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు తాగుతోందని అర్థం, తెల్ల పొగ ఆగకుండా వస్తే లోపలికి నీళ్లు పోతున్నాయని. రెండూ లేవు. ఆ ఇంజన్ శబ్దానికి మిల్లు మీది పావురాలన్నీ లేచి బాసర దాకా పోయాయి. సరే, మిల్లు దాటాయి.

గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి బాడీ మీద జరిపాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. డిక్కీ పట్టుకుంది. కుడి గడప పట్టుకుంది. ఎడమ గడప దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతం జేబులో పెట్టుకున్నాను.

"అది చూడవా?" అంది అక్క.

"నడుము నొప్పక్కా. పూజ గూడ అయింది గదా."

నడుము నొప్పి నిజమే. పూజ కూడా నిజమే. రెండు నిజాలు కలిపి నేను చెప్పింది అబద్ధం.

పసుపు ఎర్రబడింది

అక్క అక్కడే గొంతుక్కూర్చుంది. గడప పొడుగునా చూసింది. పసుపంతా పచ్చగా ఉంది, తలుపు మధ్య భాగం కింద మాత్రం జానెడు మేర ఎర్రగా తిరిగింది.

"ఇక్కడొక్క చోటే ఎందుకు ఎర్రబడింది తమ్ముడూ?"

నా తెలివితేటలన్నీ ఒక్కసారి పనిచేశాయి. "కుంకుమ కలిసిందక్కా" అన్నాను.

ఆమె వేలితో గీరి చూసింది. తల ఎత్తి నన్ను చూసింది.

"ఎన్ని పెళ్లిళ్లకు పారాణి కలిపాననుకున్నావు నేను? పసుపు ఇట్లా ఎర్రబడాలంటే సున్నం తగలాలి. ఈ కారుకి సున్నమెక్కడిది?"

సేటు దగ్గాడు. నేను ఊక కుప్ప వైపు చూశాను. ఆమె నా చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుని ఆ ఎర్రటి చోట పొడిచింది. పెచ్చు ఊడి పడింది. తెల్ల సిమెంటు, ఇంకా పచ్చిగా ఉంది. సున్నం గుణం ఉన్నదే. ఏదో పగులు కనిపిస్తే ముందు రోజే సేటు మనుషులు పూడ్చి పైన పసుపు పూశారు. ఇంకొక పోటుకు పాత పుట్టీ రాలింది. దాని వెనక నుంచి తుప్పు పట్టిన రేకు, ఆ రేకు మీద సగం ముఖంతో ఒక ఆవు బయటికి చూసింది. తొందరలో నేను నెయ్యి డబ్బా బొమ్మ ఉన్న వైపు పైకి పెట్టాను.

"ఇదేంటి, ఆవు?" అంది అక్క.

సేటు ఇక ఆగలేదు. "నన్నడుగుతవేందక్కా, గాయన్ని అడుగు. గా ఆవును కట్టేసింది గాయనే. ఉస్తాద్ షెడ్డుల చేపిచ్చిన. పైసల్ దీస్కొని చేసిండు."

ఇక నా నోరు తెరవక తప్పలేదు.

"నా పనే అక్కా."

"నీకు ముందే తెలుసా?"

"ఎరికే."

"మరి కుంకుమ అన్నావు."

"అన్న. ముప్పై ఏండ్ల పేరు గదా, పోతదనుకున్న."

ఆమె లేచి చేతులు దులుపుకుంది. అరవలేదు. "నీ పేరు సంగతి సరే. ఈ కారులో కూర్చునేదాన్ని నేను కదా" అంది.

ఇన్నేళ్లలో నన్ను చాలామంది తిట్టారు. స్పానర్లు తగిలాయి. ఇంత గట్టిగా ఏదీ తగల్లేదు.

అప్పుడు చేయాల్సిన పని చేశాను. జాకీ తెచ్చి ఎడమవైపు కారు లేపాను. తలుపు తెరిచి, "ఇప్పుడు వెయ్యక్కా" అన్నాను. ఆమె తోసింది. తలుపు గడపకు తగిలి ఆగింది. ట్రాక్టరు తోలే చేతులతో మళ్లీ తోసింది. పడలేదు. లేపినప్పుడు కారు మధ్యలో వంగింది, అందుకే తలుపుకు జాగా చాలలేదు. కప్పు లేని బండికి ఇంతకు మించిన పరీక్ష లేదు. జాకీ దింపాను, తలుపు మెత్తగా పడింది.

"ఇంజన్ బంగారమక్కా. బండి మాత్రం వద్దు. గిట్లనే నడిపితే పాణానికి మంచిది కాదు" అన్నాను.

సేటు ముఖం మాడింది. "నీ అతుకు కోసం నా బండి పాడు జేస్తవా నర్సింలూ?"

"నా అతుకే నీ బండిని పాడుజేసింది సేటూ. నువ్వు దాని మీద సిమెంటు పూసినవ్. ఇద్దరం సరిపోయినం."

ఒక ముఖ్యమైన మాట

ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. అమ్మేవాళ్లు దాచే తప్పులు పట్టుకోవడం పది బండ్లు చూస్తే వస్తుంది. ఆయిలు కొత్తగా పోశాడా, కిలోమీటర్లు వెనక్కి తిప్పాడా, రంగు కింద ఏముంది, ఇవన్నీ వస్తాయి. మీరు మీ చేత్తో చేసిన పాత తప్పు ఎదురైనప్పుడు దాన్ని చూడటమే రాదు. కన్ను దానంతట అదే పక్కకు పోతుంది. అందుకని, ఏ బండికైనా ముందు మీ చెయ్యి పడి ఉంటే, చెకింగ్‌కు పిలిచినవాళ్లకు ఆ మాట గుమ్మంలోనే చెప్పండి. "నేను వద్దు, ఇంకొకర్ని తీసుకెళ్లండి" అనండి. దానివల్ల పేరు పోదు. పోయినా అది దాచి పోగొట్టుకున్న దానికంటే చిన్నదే.

ఇంకొకటి. పూజ చేసిన బండి దగ్గర మనకు చెయ్యి ఆడదు. బొట్టు చెరపలేం, పసుపు తుడవలేం, గడప తొక్కలేం. అది మంచి అలవాటే. కానీ పూజను అడ్డం పెట్టుకున్నది దేవుడు కాదు, సేటు. "తడి గుడ్డతో మీరే తుడవండి, నేను చూస్తాను" అని అమ్మేవాళ్లనే అడగండి. తుడవనంటే మీ చెకింగ్ అక్కడితో పూర్తయింది.

కాలువ రోడ్డు

అక్క మిల్లు గేటు దాకా నడిచి, తిరిగి వచ్చి, కారు చుట్టూ తిరిగింది. ఊక మీద కూర్చుంది. ఒక బియ్యం లారీ నిండి వెళ్లేంతసేపు కూర్చుంది. నేనూ సేటూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాం.

చివరికి లేచి అంది. "సేటూ, కారు నేనే తీసుకుంటా. ఆవుతో కాదు. రెండు గడపలూ కోసి కొత్త రేకు వేశాక తీసుకుంటా. వేసేది ఈ తమ్ముడే."

"నేనా? నా నడుము అక్కా."

"పాడు చేసేటప్పుడు బాగానే వంగిందిగా?"

బేరం సంగతి వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. నేను చెవులు మూసుకున్నాను.

ఆ పని నాకు ఒక చెరకు సీజను పట్టింది. గడప కోసే ముందు తలుపు సందుల్లో ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేసి బాడీని బిగించాలి, లేకపోతే కోయగానే కారు కుంగుతుంది. సరైన మందం రేకు తెచ్చి, వంచి, జానెడు జానెడుగా ఆపి ఆపి వెల్డింగ్ పెట్టాను. వెల్లకిలా పడుకుంటే లేవడానికి ఇద్దరు కావలసి వచ్చేది. అక్క రెండు మూడు రోజులకోసారి వచ్చి, అయస్కాంతం తనే తీసి గడప మీద జరిపి, ఏమీ అనకుండా పోయేది. ఆమె పొగడ్త అంతే. పని అయ్యాక జాకీతో లేపాం. తలుపు ఒక వేలితో తోస్తే పడింది. ఆ పని తర్వాతే డాక్టరు దగ్గరికి పోయాను, మానేయమన్నాడు.

కారు ఇచ్చిన రోజు ఆమె స్టీరింగు దగ్గర కూర్చుని, ఎడమ సీటు చూపించింది.

"ఎక్కు."

"నేనెందుకక్కా, బావను ఎక్కించుకో."

"ఆయన వెల్డింగ్ చేశాడా? ఎక్కు."

ఎక్కాను. కప్పు తీసేసి ఉంది. ఎడపల్లి దాటి కాలువ గట్టు ఎక్కాం. రెండు పక్కలా చెరకు. చెరకు బండ్ల టైర్లకు గట్టంతా గుంతలే. ఆమె ఒక్క గుంత కూడా తప్పించలేదు. ఒక్కో గుంతలో పడ్డప్పుడల్లా నేను నా వెల్డింగులన్నీ వరుసగా గుర్తు చేసుకున్నాను. ఫలానా చోట ఆగానా, ఫలానా చోట సరిగ్గా కరిగిందా.

"తమ్ముడూ" అంది రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"ఆ అక్కా."

"కాళ్లు ఎందుకు పైకి పెట్టుకున్నావు?"

చూసుకున్నాను. నిజంగానే రెండు మోకాళ్లూ గడ్డం దాకా వచ్చి ఉన్నాయి. ఎప్పుడు లేపానో నాకే తెలియదు.

"నువ్వు కాళ్లు కింద పెట్టేదాకా నేను రెండో గేరు దాటను" అంది.

ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటి పోయింది. తర్వాత ఒక సైకిలు. ఎడమ కాలు దించాను. బండి నేల గట్టిగా తగిలింది. కుడి కాలు కూడా దించి, మడమతో ఒకసారి తొక్కి చూశాను.

ఆమె మూడో గేరు వేసింది.